పడిన చెట్ల మీద పుట్టగొడుగులు: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గాలివానకు కూలిన చింత, తోపులో కోసి వదిలేసిన బెంగుళూరు మామిడి దుంగ, రోడ్డు వెడల్పు చేస్తూ పెరికేసిన వేప మొద్దు. నాలుగు వానలు పడ్డాయంటే వీటి మీద ఏదో ఒకటి మొలుస్తుంది. అదేమిటో ఎలా తెలుసుకోవాలన్నది ఇక్కడ చెబుతున్నాం. ఒక మాట ముందే చెప్పేస్తాం: ఇది చదివి, ఫొటోతో పోల్చుకుని, దొరికినదాన్ని కూర వండుకోకండి. కారణాలు కింద వివరంగా ఉన్నాయి.

ఏ నెలల్లో బాగా కనిపిస్తాయి?

మన దగ్గర వాన రెండు విడతలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం. మొదటి విడతలో ఒక వాన పడితే మర్నాడే ఎండ కాస్తుంది, దుంగ పైపైన తడిసి ఆరిపోతుంది. మెత్తటి గొడుగులు రావాలంటే చెక్క లోపలిదాకా నానాలి. అందుకని అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు ముసురు వదలని వారాలే అసలైన అదను. ముసురు తెరిపిచ్చిన మూడో రోజు నుంచి వారంలోపు, పొద్దున్నే వెళ్లి చూడండి. మధ్యాహ్నానికి పల్చటివి వాడిపోతాయి, పురుగు పడుతుంది.

చెక్కలా గట్టిగా ఉండే రకాలు ఎండాకాలంలోనూ దుంగను అంటుకునే ఉంటాయి. అయితే రంగు వెలిసి, పైన నాచు పట్టి ఉంటాయి కాబట్టి వాటిని చూసి పేరు చెప్పడం కష్టం.

శేషాచలం అడవిలోకి వెళ్లి వెతకొచ్చా?

వద్దు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలో అనుమతి లేకుండా అడుగు పెట్టడం, అక్కడి నుంచి ఏది తెచ్చినా, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద నేరమే. పుట్టగొడుగు కూడా అందులోకే వస్తుంది. తలకోన, తిరుమల నడకదారుల్లో పక్కన పడిన మొద్దు మీద కనిపిస్తే దారి దిగకుండా ఫొటో తీసుకుని కదలండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచుల్లో ఏనుగులు తిరుగుతుంటాయి, తెల్లవారుజామున అటు పోవద్దు.

నేర్చుకోవడానికి అడవే అక్కర్లేదు. మామిడి తోపులు, చెరువు కట్టలు, సామిల్లు వెనక పేర్చిన దుంగలు, కాలేజీ ఆవరణలో కొట్టేసిన చెట్ల మోళ్లు చాలు. సొంతదారును అడిగి వెళ్లండి.

ఎర్రచందనం దుంగ మీద కనిపిస్తే?

దాన్ని ముట్టుకోవద్దు, చెక్క పెచ్చు కూడా ఊడదీయొద్దు. ఎక్కడో చోటు కాని చోట ఆ దుంగ పడి ఉంటే అటవీ శాఖకు చెప్పండి.

చేతిలో ఏమేం ఉండాలి?

10 రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, చిన్న చాకు, స్కేలు, వార్తాపత్రిక కాగితం, పెన్సిలు, ఫోను. ప్లాస్టిక్ కవరు వద్దు. మన వేడికి అందులో చెమట పట్టి రెండు మూడు గంటల్లో మెత్తటి పుట్టగొడుగు జావ అయిపోతుంది. ఒక్కో రకాన్ని వేరే కాగితంలో పొట్లం కట్టండి. రెండు రకాలు ఒకదానిలో పెడితే ఒకదాని గొడుగు కింది నుంచి రాలే పొడి ఇంకోదానిమీద పడి, ఆ పొడి రంగును తప్పుగా చదువుతారు.

దుంగను చేత్తో ఎత్తొద్దు. కర్రతో కదిలించి, మీకు అవతలి వైపు తెరుచుకునేలా దొర్లించండి. కట్లపాము, రక్తపింజరి, తేలు, జెర్రి ఇలాంటి చోటే ఉంటాయి. బూట్లు తప్పనిసరి.

దొరికిన వెంటనే ఏ వరసలో చూడాలి?

కోయకముందు అది దేని మీద మొలిచిందో తేల్చుకోండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. దుంగ పక్కన మట్టిలో కనిపించింది నిజానికి భూమిలో ఉన్న వేరు మీద మొలిచి ఉండొచ్చు. దుంగకు ఆనుకుని ఉన్నదేమో మట్టి నుంచే వచ్చి ఉండొచ్చు. చాకుతో కాడ చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు తవ్వి, అడుగుతో సహా పైకి తీయండి. కాడ అడుగున గుడ్డు పెంకు చీలినట్టు తెల్లటి సంచి కనిపిస్తే అది అమనీటా కావచ్చు. ప్రాణాలు తీసే రకాలు ఎక్కువగా ఈ వర్గంలో ఉన్నాయి. ఇవి చెక్క తిని బతికేవి కావు, బతికున్న చెట్ల వేర్లతో జతకట్టి మట్టిలోంచి వస్తాయి. పైనుంచి తుంచుకొస్తే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది, అసలు గుర్తు పోతుంది. ఇదే సంచి వరిగడ్డి పుట్టగొడుగుకూ ఉంటుంది కాబట్టి సంచి ఒక్కటి చూసి ఏ తీర్పూ ఇవ్వలేం.

తర్వాత కింది భాగం. మొప్పలు, అంటే పల్చటి పొరలు ఉన్నాయా, రంధ్రాలు ఉన్నాయా, రెండూ లేక నునుపుగా ఉందా? మొప్పలైతే కాడ మీదికి జారి దిగుతున్నాయా, కాడను తాకి ఆగాయా, కాడకు తగలకుండా ఎడంగా ఉన్నాయా? రంధ్రాలైతే ఒక మిల్లీమీటరుకు ఎన్ని పడుతున్నాయో భూతద్దంతో లెక్కపెట్టండి. గట్టి రకాల్లో ఈ లెక్క చాలాసార్లు పేరు దాకా తీసుకెళ్తుంది.

ఆ తర్వాత నిలువుగా రెండుగా కోయండి. లోపలి రంగు, కోసిన అయిదు నిమిషాల్లో రంగు మారిందా, తోలులా సాగుతుందా, చెక్కలా విరుగుతుందా, వాసన ఏమిటి. ఇవన్నీ అక్కడే రాసుకోండి. ఇంటికొచ్చాక రాద్దామనుకుంటే వాసన పోతుంది, రంగు మారుతుంది.

ఏ చెట్టో తెలియకపోతే పర్వాలేదా?

తెలిస్తే సగం పని తేలికవుతుంది. బెరడు, మిగిలిన ఆకులు, కాయలు, పక్కన నిలబడి ఉన్న చెట్లు చూడండి. తోపు యజమానిని అడిగితే చెట్టు పేరుతో పాటు ఎప్పుడు కొట్టారో కూడా చెబుతారు. కొట్టి ఏడాది తిరగని దుంగ మీద వచ్చేవి వేరు, నాలుగేళ్లు నానిన దాని మీద వచ్చేవి వేరు.

చెక్క కుళ్లిన తీరు కూడా గమనించండి. పాలిపోయి, నారలు నారలుగా, నొక్కితే స్పంజిలా ఉంటే తెల్ల కుళ్లు. చెక్కలో రంగునూ గట్టిదనాన్నీ ఇచ్చే లిగ్నిన్‌ను కూడా శిలీంధ్రం తినేసిందన్నమాట. గోధుమరంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా పగిలి చిన్న చిన్న గడుల్లా విడిపోయి, వేళ్ల మధ్య పొడైతే గోధుమ కుళ్లు. అక్కడ చెక్కలోని నార పదార్థం సెల్యులోజ్ పోయి లిగ్నిన్ మిగిలింది. మామిడి, చింత, వేప లాంటి మన చెట్ల మీద ఎక్కువగా కనిపించేది మొదటిదే.

సిద్ధబీజాల ముద్ర ఎలా తీయాలి? అంత అవసరమా?

అవసరం. సిద్ధబీజాలంటే గొడుగు కింది నుంచి పొడిలా రాలేవి, పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి. చూడటానికి ఒకేలా ఉండే రెండింటిని ఇంట్లో విడదీయడానికి బాగా పనికొచ్చే పరీక్ష వాటి రంగు చూడటమే.

ముదిరిపోనిది, మరీ మొగ్గ కానిది తీసుకోండి. కాడను గొడుగు అంచు దాకా కోసేయండి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన అంటించి, గొడుగు రెండింటి మీదా సగం సగం పడేలా మొప్పల వైపు కిందికి పెట్టండి. తెల్ల పొడి తెల్ల కాగితం మీద కనిపించదు, నల్ల సగం అందుకే. గొడుగు పైన ఒక చుక్క నీళ్లు వేసి, గాజు గ్లాసు బోర్లించండి. ఫ్యాను గాలి తగలకూడదు. సాయంత్రం పెడితే పొద్దున్నకు ముద్ర పడుతుంది, బాగా తాజాదైతే నాలుగు గంటలు చాలు. రంధ్రాలున్న గట్టి రకాలకు ఒక రోజు పైనే పట్టొచ్చు.

పొద్దున గ్లాసు తీసి, గొడుగును పక్కకు జరపకుండా నిటారుగా పైకెత్తండి. మొప్పల వరసలు గీతలు గీతలుగా కాగితం మీద దిగి ఉంటాయి. రంగును పగటి వెలుతురులో చూడండి, ట్యూబులైటు కింద లేత రంగులు తేడాగా కనిపించొచ్చు. తెలుపు, లేత గులాబీ, మట్టిరంగు, తుప్పురంగు, నలుపు: ఈ అయిదింటిలో ఎక్కడ పడిందో చెప్పగలిగితే చాలు.

ముద్ర పడకపోతే కారణం ఎక్కువగా మూడింటిలో ఒకటి: ఎండిపోయినది తెచ్చారు, మరీ లేతది, లేదా ఫ్రిజ్‌లో ఎక్కువసేపు ఉంచారు. కాగితం మీద తడి మరక, చిన్న తెల్ల పురుగులు కనిపిస్తే అది కుళ్లింది. పారేసి కొత్తది తెచ్చుకోండి.

మన దగ్గర దుంగల మీద ఎక్కువగా కనిపించేవి ఏవి?

*షైజోఫిల్లం.* చాలామంది ముందుగా పంపే ఫొటో దీనిదే. ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల చిన్న విసనకర్ర, కాడ ఉండదు, పైన బూడిద తెలుపు నూగు. వరసలు వరసలుగా బెరడు నిండా వస్తుంది. తిప్పి భూతద్దంతో చూస్తే ఒక్కో మొప్ప అంచు పొడుగునా రెండుగా చీలి ఉంటుంది. ఎండకు ఆ చీలికలు బయటికి చుట్టుకుని మూసుకుంటాయి, నీళ్లు చల్లితే కాసేపట్లో మళ్లీ విచ్చుకుంటాయి. ఇలా చీలిన మొప్పలు మన దుంగల మీద కనిపించే మరే రకానికీ ఉండవు.

*కుంకుమ రంగు పలక, ట్రామెటిస్ సాంగ్వినియా.* ఎండ పడే చోట పొడి కొమ్మల మీద వస్తుంది. పైనా కిందా ఒకే నారింజ ఎరుపు, తోలులా పల్చన. కింద రంధ్రాలు మిల్లీమీటరుకు అయిదారు పడతాయి, కంటికి కేవలం మచ్చలా కనిపిస్తాయి. పాతబడితే పై రంగు వెలిసిపోతుంది, కింద ఎరుపు నిలుస్తుంది. కాబట్టి తిప్పి చూడండి.

*హెక్సగోనియా.* ఎండు కొమ్మల మీద పల్చని గోధుమ పలక. కింద రంధ్రాలు ఆరు పలకలుగా, తేనెపట్టు గడుల్లా, భూతద్దం లేకుండానే కనిపిస్తాయి.

*గానోడెర్మా.* లక్క పూసినట్టు మెరిసే ఎర్ర గోధుమ పైభాగం, ఎదిగే అంచు తెల్లగానో పసుపుగానో ఉంటుంది. కొన్నింటికి పక్కన కాడ ఉంటుంది. మెరుపు లేని రకాలూ ఉన్నాయి. వాటి కింది తెల్లటి భాగాన్ని గోటితో గీకితే గీత వెంటనే గోధుమరంగుకు తిరుగుతుంది. ముద్ర తీయాల్సిన పని కూడా ఉండదు. కింద ఉన్న ఆకుల మీదా, దాని నెత్తి మీదా కోకో పొడి రంగులో మందంగా పొడి పరుచుకుని ఉంటుంది. తుడిస్తే మెరుపు బయటపడుతుంది. ఈ పొడి చూసి దుమ్ము అనుకుని కడిగేసి పంపేవారున్నారు, దయచేసి కడగొద్దు.

*ఫెల్లినస్, దాని చుట్టాలు.* గుర్రపు డెక్క ఆకారం, పైన నల్లగా పగుళ్లు, కింద గోధుమ. ఏళ్ల తరబడి పొర మీద పొర వేసుకుంటూ పెరుగుతుంది, చాకు దిగదు. చిన్న ముక్క మీద 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే నల్లబడుతుంది. ఆ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా చేయొద్దు, పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు.

*ఆరిక్యులేరియా.* చెవి డొప్పలా, జెల్లీలా వంగే గోధుమ రకం. వెలుపలి వైపు సన్నని నూగు. ఎండితే నల్లగా పెళుసై, నానితే మళ్లీ మెత్తబడుతుంది. మొప్పలూ ఉండవు, రంధ్రాలూ ఉండవు.

*డాక్రియోపినాక్స్.* ఒకటి రెండు సెంటీమీటర్ల నారింజ పసుపు జెల్లీ గరిటెలు, చెక్క పగుళ్లలోంచి వరసగా వస్తాయి. వానలో నానిన పాత తలుపుల మీద, గేటు చెక్కల మీద కూడా చూడొచ్చు.

*డాల్డీనియా.* నల్లటి గట్టి ఉండలు, ముట్టుకుంటే చేతికి మసి అంటుతుంది. అడ్డంగా కోస్తే ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు. కోయకుండా పేరు చెప్పలేం.

*జైలేరియా.* నల్లటి వేళ్లలా నిలబడి, లోపల తెల్లగా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు కొసల మీద తెల్ల పొడి.

*కోప్రినెల్లస్ డిసెమినేటస్.* కొట్టేసిన మోడు మొదట్లో వందల కొద్దీ ఒక్కసారిగా. ఒక్కోటి ఒక సెంటీమీటరు లోపు, లేత బూడిద రంగు, మడతలు మడతల చిన్న గొడుగు. రెండో రోజుకే ఉండకపోవచ్చు, కనిపించగానే ఫొటో తీయండి.

తెల్లగా గుత్తిగా వచ్చింది. మార్కెట్లో అమ్మే ఆయిస్టర్ పుట్టగొడుగేనా?

అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఆయిస్టర్, అంటే ప్లూరోటస్ అనడానికి ఇవన్నీ కలవాలి: చెక్క మీద మొలవడం, కాడ పక్కకు ఉండటం లేదా పొట్టిగా ఉండటం, మొప్పలు కాడ మీదికి జారి దిగడం, చీల్చితే మెత్తటి తెల్ల కండ, కాడకు ఉంగరం, అడుగున సంచి లేకపోవడం, ముద్ర తెలుపు లేదా లేత ఊదా. ఒక్కటి తప్పినా అది ఆయిస్టర్ కాదనే అనుకోండి.

దానితో పొరబడేవి కొన్ని. క్రెపిడోటస్ కూడా తెల్లని విసనకర్రే, చిన్నది, పల్చన, కాడ దాదాపు ఉండదు. ముద్ర మాత్రం మట్టిరంగు. లెంటైనస్ స్క్వారోసులస్ గొడుగు మధ్యలో గుంట పడి గరాటులా ఉంటుంది, పైన వలయాలుగా చిన్న పొలుసులు, కాడ గట్టిగా నారగా ఉంటుంది. జిమ్నోపిలస్ పసుపు నారింజ, ముద్ర తుప్పురంగు, తింటే ఒళ్లూ మనసూ తూలే రకాలు ఇందులో ఉన్నాయి. ఓంఫాలోటస్ జాతివి కూడా చెక్క మీద గుత్తులుగా, కాడ మీదికి దిగే మొప్పలతో వస్తాయి. ముద్ర తెలుపే, తింటే తీవ్రంగా వాంతులు. అంటే ముద్ర ఆయిస్టర్‌తో సరిపోయినా పని పూర్తికాలేదు.

ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే పరీక్షలు పనికిరావా?

వెండి ఉంగరం వేస్తే నల్లబడటం, వెల్లుల్లి రంగు మారడం, బియ్యం ఎర్రబడటం, పురుగు పట్టిందంటే మంచిదనడం, మేక తిన్నదంటే మనమూ తినొచ్చనడం. వీటిలో ఒక్కటీ విషాన్ని పట్టదు. అమనీటాలో ఉండే అమటాక్సిన్లు వెండితో కలవవు, ఎంత ఉడికించినా, చింతపండు పులుసు పోసినా, ఎండబెట్టినా పోవు. తిన్నప్పుడు రుచి కూడా బాగుంటుందని ప్రాణం దక్కినవాళ్లు చెప్పిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి.

చెక్క మీద మొలిచేవి విషం కావనడం కూడా తప్పే. చలి ప్రాంతాల్లో మొద్దుల మీద వచ్చే గాలెరీనాలో అవే అమటాక్సిన్లు ఉంటాయి. జపాన్‌లో తరతరాలుగా తింటున్న, మొద్దుల మీద మొలిచే తెల్ల విసనకర్ర రకం ఒకటి తిని 2004లో పదిమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు.

మన మామిడి తోపుల సంగతి ఇంకొకటి ఉంది. పూత నుంచి కాయ దాకా పురుగు మందులు కొడతారు. పుట్టగొడుగులు నేలలోనూ చెక్కలోనూ ఉన్న లోహాలను పీల్చి దాచుకుంటాయి. రకం మంచిదే అయినా తోపులోదీ రోడ్డు పక్కదీ పొయ్యి మీదికి రాకూడదు. తినాలనుంటే పెంచినవి కొనుక్కోండి, లేదా ఆయిస్టర్ విత్తనం కొని వరిగడ్డి మీద పెంచుకోండి.

ఫోను యాప్ పేరు చెబుతోంది కదా?

గానోడెర్మా, ప్లూరోటస్ లాంటి వర్గం పేరు దాకా వెతకడానికి పనికొస్తుంది, అంతకుమించి నమ్మొద్దు. యాప్ చూసేది మీరు తీసిన ఫొటోనే, అది ఎక్కువగా పైభాగానిదే అయి ఉంటుంది. ముద్ర రంగు, కాడ అడుగు, వాసన దానికి తెలియవు. ఫొటో పెడితే తెలిసినవాళ్లు పేరు చెప్పే ఐనేచురలిస్ట్ యాప్‌లో పెట్టేటప్పుడు అయిదు ఫొటోలు పెట్టండి: దుంగతో సహా మొత్తం, పైభాగం, కింది భాగం దగ్గరగా, కాడ అడుగు, నిలువు కోత. పక్కన స్కేలు ఉండాలి. ముద్ర ఫొటో కూడా ఉంటే తెలిసినవాళ్లు జవాబిచ్చే అవకాశం బాగా పెరుగుతుంది.

ముట్టుకుంటే ప్రమాదమా?

కాదు. ముట్టుకున్నంత మాత్రాన అమనీటా విషం కూడా ఒంట్లోకి ఎక్కదు. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు మాత్రం పొడి రాలే దుంగలను కదిలించొద్దు. షైజోఫిల్లం బీజాలు ముక్కులో, ఊపిరితిత్తుల్లో చేరి జబ్బు చేసిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి.

ఎవరైనా తినేశారు. ఏం చేయాలి?

వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. తిరుపతిలోనైతే రుయాకో స్విమ్స్‌కో, దూరంలో ఉంటే దగ్గరున్న పెద్దాసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. ఆ కూర తిన్న ప్రతి ఒక్కరూ, బాగానే ఉన్నామన్నవాళ్లు కూడా, వెళ్లాలి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించొద్దు.

డాక్టరుకు మూడు విషయాలు కావాలి: ఎన్ని గంటలకు తిన్నారు, మొదటి వాంతి లేదా విరేచనం ఎప్పుడైంది, ఎన్ని రకాలు కలిపి వండారు. తిన్న ఆరు గంటల తర్వాత వాంతులు మొదలైతే అది లివర్‌ను దెబ్బతీసే రకం అన్న అనుమానం బలపడుతుంది. అందులో ఒక మోసం ఉంది. ఒక రోజు వాంతులు విరేచనాలయ్యాక మనిషి తేరుకుంటాడు, ఇంటికి పోదామంటాడు. లోపల లివర్ పాడవుతూనే ఉంటుంది, మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య కామెర్లతో పడిపోతాడు. కాబట్టి తగ్గింది కదా అని డిశ్చార్జి అడగొద్దు, లివర్ పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించాలి. మిగిలిన పచ్చి పుట్టగొడుగులు, తొక్కలు, కూర కాగితంలోనో డబ్బాలోనో పెట్టి వెంట తీసుకెళ్లండి.

దుంగ మీద పసుపు నురగలా, గులాబీ పూసల్లా ఉన్నది కూడా పుట్టగొడుగేనా?

కాదు, అవి జిగురు బూజులు. గులాబీ పూసను చిదిమితే ముద్దలా కారుతుంది, రెండు రోజులకు బూడిదరంగు పొడిగా మారుతుంది. హాని లేదు.

బతికున్న చెట్టుకే వచ్చింది. చెట్టు పోతుందా?

కొబ్బరి మొదట్లో గానోడెర్మా కనిపించిందంటే లోపల కుళ్లు చాలాకాలంగా ఉన్నట్టే. అంతకుముందే మానుకు కింది భాగంలో ఎర్ర గోధుమ జిగురు కారి ఉంటుంది, మట్టలు వాలి ఉంటాయి. పుట్టగొడుగును విరిచి పారేస్తే తెగులు పోదు, అది వేరులో, మానులో ఉంది. విరిచినదాన్ని తోటలో పడేయకుండా కాల్చేయండి. ఆ చెట్టు చుట్టూ కందకం తీసి వేర్లను వేరుచేయండి, దాని పాదు నీళ్లు పక్క చెట్టు పాదులోకి పోకుండా చూడండి, దగ్గర్లో నాగలి దున్నకండి. మందు మోతాదు కోసం కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో గానీ ఫొటో చూపించి అడగండి.

ఇంటి ముందున్న వేప, కానుగ, మామిడి మొదట్లో గట్టి పలకలు వస్తే చెట్టు లోపల డొల్ల అయిందేమో చూడాలి. చెక్క సుత్తితో మాను చుట్టూ కొట్టి వినండి. డొల్ల మోగిన చోట సున్నంతో గుర్తు పెట్టండి. గుర్తులు మానులో సగానికి పైగా తిరిగితే ఈశాన్య వానలకు ముందే, సెప్టెంబరులోగా, చెట్లు కొట్టడం తెలిసినవాళ్లకు చూపించండి. కొట్టించాలంటే ముందుగా అధికారుల అనుమతి అవసరమేమో కనుక్కోండి.

దాచిపెట్టి నిపుణులకు చూపించాలంటే?

మెత్తటివాటిని పల్చటి ముక్కలుగా కోసి, టేబుల్ ఫ్యాను కింద జాలీ మీద పరవండి. డ్రయ్యరుంటే 40 నుంచి 45 డిగ్రీలు పెట్టండి. అంతకు మించితే ఉడికిపోతాయి. వంచితే పుటుక్కున విరిగేదాకా ఆరాలి. గట్టి పలకల్లో పురుగు దాగి ఉంటుంది కాబట్టి, ఆరాక కవరులో గట్టిగా మూసి వారం రోజులు ఫ్రీజరులో ఉంచండి. తర్వాత సిలికా జెల్ పొట్లంతో జిప్ కవరులో వేయండి. చీటీ మీద తేదీ, ఊరు, చెట్టు పేరు, పచ్చిగా ఉన్నప్పటి రంగు, వాసన, ముద్ర రంగు పెన్సిలుతో రాయండి. ఇంకు తడికి చెరిగిపోతుంది. ముద్ర ఉన్న కాగితాన్ని మడిచి అదే కవరులో పెట్టండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో చూపించవచ్చు. చీటీ లేని నమూనా ఎంత అందమైనదైనా వాళ్లకు ఉపయోగపడదు.